జారుముడి

చిట్టియ్య మూడోసారి పడినప్పుడు అచ్చాయమ్మ ఇంట్లోనే ఉంది. వరండాలో కూర్చుని, చాటలో ఎండు నెత్తళ్ళ చేపలు పోసుకుని ఇసుక చెరుగుతోంది. లోపలి గదిలో దబ్బుమని చప్పుడైంది. దాని వెనక ఇంకో చప్పుడేమీ రాలేదు. చాట పక్కన పడేసి వెళ్ళేసరికి మొగుడు గుమ్మం దగ్గర బోర్లా పడి ఉన్నాడు. గడ్డం చీరుకుపోయి నెత్తురు తెల్లటి టైల్స్ మీదికి కారుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. గోడవారగా పోతున్న చీమల్ని చూస్తున్నాడు. తను పడ్డ సంగతి ఎవరైనా వచ్చి చెప్తే తప్ప తెలియదన్నట్టు ఉన్నాడు.

చంకల కింద చేతులు వేసి లేపి గోడకి ఆనించి కూర్చోబెట్టింది. డెబ్భై ఏళ్ళ మనిషి, ఒకప్పటి బరువులో సగం లేడు. గడ్డానికి పసుపు అద్దుతూ ఎలా పడ్డావని అడిగింది. ఏమో అన్నాడు. కళ్ళు తిరిగాయా అంటే లేదన్నాడు. కాలు జారిందా అంటే మళ్ళీ ఏమో అన్నాడు. తడిగుడ్డ తెచ్చి నేల తుడిచింది.

ఇరవై రోజుల్లో ఇది మూడోసారి. మొదటిసారి బాత్రూం గడప దగ్గర పడ్డాడు, నుదురు బొప్పి కట్టింది. రెండోసారి వీధి కుళాయి దగ్గర, పదిమంది ఆడవాళ్ళు బిందెలతో నిలబడి చూస్తుండగా పడ్డాడు. ఆ రోజు అచ్చాయమ్మకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయినంత పనైంది. వరద గోదారిలో, నావ అంచు మీద, బీడీ కాల్చుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకి నడిచిన మనిషి. అలాంటివాడు మేస్త్రీ మట్టం పెట్టి పరిచిన నేల మీద పడటం ఏంటి? తాగినవాళ్ళు అలా పడతారు. ఈయన తాగుడు మానేసి ఏడాది దాటింది. మానమని ఎవరూ చెప్పలేదు. దాని మీద కూడా ఆశ పోయిందంతే.

జంగారెడ్డిగూడెం అవతల, పామాయిలు తోటలకీ జీడిమామిడి తోటలకీ మధ్య ఉన్న కాలనీ అది. ఆనకట్ట నీళ్ళలో మునిగే ఊళ్ళని ఖాళీ చేయించి, ఆ జనాన్ని తెచ్చి ఇక్కడ పెట్టారు. ఇళ్ళన్నీ ఒకటే కొలత, ఒకటే రంగు. నాలుగు ఊళ్ళవాళ్ళు కలిసి ఉండటం వల్ల ఎవరింట్లో ఏం జరిగినా నాలుగు రకాల కారణాలు తయారుగా ఉంటాయి. చిట్టియ్య పడటానికీ అలాగే చెప్పుకున్నారు. కొడుకు ప్రసన్నకుమార్ టైల్స్ నున్నగా ఉన్నాయన్నాడు. పామాయిలు గెలలు కోసే పని నుంచి వస్తూ వస్తూ ఖాళీ గోనెసంచులు తెచ్చి ఇల్లంతా పరిచాడు. కోడలు లోవలక్ష్మి మావయ్య కళ్ళకి శుక్లాలు వచ్చాయంది. ఇక కాలనీ ముసలమ్మలు ఏరు పిలుస్తోందని తేల్చేశారు.

ఆ మాటని తీసిపారేయడం అచ్చాయమ్మకి అంత తేలిక కాలేదు. గోదారి అక్కడికి రెండు బస్సుల దూరం. కానీ పొద్దు వాలే వేళ తోటల్లోంచి గాలి వీచిందంటే, ఆ ఆకుల చప్పుడు ఏటి హోరులాగే ఉంటుంది. కళ్ళు మూసుకుంటే ఆమెకే అనుమానం వస్తుంది. ఆ గాలి మొదలవగానే చిట్టియ్య మంచం మీద లేచి కూర్చుంటాడు. తోటల కేసి చూస్తాడు. కాసేపటికి లేచి అటు నాలుగడుగులు వేస్తాడు. మూడుసార్లూ ఆయన పడింది ఆ వేళకే. పై వరసలో ఇంకో ముసలాయన ఇలాగే రెండుసార్లు పడి, రెండోసారి తుంటి విరిగి, మంచం పట్టి నెల తిరక్కుండా పోయాడు. ఇంకోసారి పడితే ఈయన్ని కూడా అలాగే మోసుకుపోవాలి. అచ్చాయమ్మ భయం అంతా అదే.

అయినా ఆమె తన కారణం తను వెతుక్కుంది. యాభై ఏళ్ళు కదిలే చెక్కల మీద నిలబడ్డ కాళ్ళవి. పెళ్ళయిన నాటి నుంచి ఇద్దరూ నావ మీదే కాపురం చేశారు. వంట అక్కడే, పడక అక్కడే, పిల్లలు పెరిగిందీ అక్కడే. కదలని నేల మీదికి తెచ్చి నిలబెడితే ఆ కాళ్ళు తడబడవా మరి? అడిగిన వాళ్ళందరికీ ఇదే చెప్పింది. చెప్పగా చెప్పగా ఆమెకి అదే నిజమనిపించింది. తన కాళ్ళు కూడా అదే నావ మీద యాభై ఏళ్ళు నిలబడ్డాయన్న సంగతి ఆమెకి గుర్తు రాలేదు.

మర్నాడు నర్సు హెలెన్ వచ్చింది. వారానికోసారి కాలనీలో ఇల్లిల్లూ తిరిగి బీపీలూ షుగర్లూ చూసే మనిషి. చిట్టియ్యని పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. కళ్ళలోకి లైటు వేసింది. పాదాల మీద పుల్లతో గీసి తెలుస్తోందా అని అడిగింది. అన్నీ బాగానే ఉన్నాయంది. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుని వేరే రకం ప్రశ్నలు మొదలెట్టింది. రాత్రి నిద్ర పడుతోందా, అన్నం సయిస్తోందా, నలుగురిలోకి వెళ్తున్నాడా, ఇదివరకు ఇష్టంగా చేసిన పనులు ఇప్పుడు చెయ్యాలనిపిస్తోందా, బతికేం లాభం లాంటి మాటలేమైనా అంటున్నాడా.

అడిగింది చిట్టియ్యని. జవాబులన్నీ అచ్చాయమ్మ చెప్పింది. నిద్రకేం, హాయిగా పడుకుంటాడంది. బాగానే తింటాడంది. టీ కొట్టు దగ్గరికి రోజూ వెళ్తాడంది. ఇందులో ఒక్కటీ నిజం కాదు. రెండో కోడి కూయక ముందే లేచి, కాళ్ళు వేలాడేసుకుని, చీకట్లోకి చూస్తూ కూర్చుంటాడు. కంచంలో పెట్టినదాంట్లో సగం కోళ్ళకి పోతోంది. టీ కొట్టు ఏ వైపు ఉందో కూడా ఆయనకి తెలుసో లేదో. మూలన పెట్టిన వల మూట విప్పి ఏడాదిన్నర అయింది. ఇవన్నీ బయటి మనిషితో చెప్పుకోవడం ఆమెకి తలవంపుగా తోచింది. పక్కనే కూర్చున్న చిట్టియ్య, ఆ మాటలు ఇంకెవరి గురించో అన్నట్టు విన్నాడు.

"మా మావకి పిచ్చేం లేదమ్మా," అంది చివరికి. "కాళ్ళకి నేల అలవాటు కాలేదు. అంతే."

"పిచ్చని నేనన్లేదు మామ్మగారూ. నిద్ర పడుతోందా అని అడిగానంతే," అంది హెలెన్. కోపం తెచ్చుకోలేదు. చీటీ మీద ఏదో రాసి ఇచ్చింది. టౌన్‌లో ఆస్పత్రికి మంగళవారం మంగళవారం ఒక డాక్టరమ్మ వస్తుందనీ, ఒకసారి తీసుకెళ్ళమనీ చెప్పింది. మనసులో దిగులు ఉన్నవాళ్ళు ఎక్కువగా పడుతుంటారని కూడా అంది. అచ్చాయమ్మ తలూపి, ఆ చీటీని తమలపాకుల డబ్బాలో అడుగున పెట్టి మూత వేసేసింది.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఇంట్లో చర్చ అయింది. పగలంతా ఆయన్ని కనిపెట్టుకుని ఎవరుండాలి? కొడుకు తోటలకి పోవాలి. కోడలు జీడిపిక్కలు కొట్టే పనికి పోవాలి. మిగిలింది అచ్చాయమ్మ. ఆమె ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరుగుతుంది. ఇక్కడికొచ్చిన రెండో నెలలోనే ఆ వ్యాపారం పెట్టుకుంది. మానేస్తానని పైకి అంది గానీ, నిజం చెప్పాలంటే ఆమెకి మానడం ఇష్టం లేదు. బస్సు కండక్టర్లతో గంప కోసం దెబ్బలాట, నెత్తళ్ళకి బేరమాడే ఆడవాళ్ళతో వేళాకోళం, అవే ఆమెని నిలబెడుతున్నాయి. పగలంతా ఆ ఇంట్లో ఆయన మౌనంతో కూర్చోవాలంటే ఆమెకి భయంగా ఉంది. ఆ భయానికి సిగ్గుపడింది కూడా. అప్పుడే ఆమెకి తాడు ఆలోచన వచ్చింది.

నావ మీద పిల్లల్ని పెంచిన ప్రతి తల్లీ చేసే పనే అది. బిడ్డ పాకడం మొదలెట్టిన రోజు నుంచి ఈత వచ్చే దాకా మొలకి తాడు కట్టి, రెండో కొస తెరచాప కొయ్యకి కడతారు. అంచు దాకా పాకుతాడు గానీ నీళ్ళలో పడడు. అచ్చాయమ్మ ముగ్గుర్ని అలాగే పెంచింది. ఒక్కర్నీ ఏటికి ఇవ్వలేదు. ఆ ధైర్యంతోనే పొద్దున్నే వల మూటలోంచి నైలాన్ తాడు తీసి, మొగుడి మొలకి మెత్తటి తువ్వాలు చుట్టి, దాని మీద తాడు తిప్పింది. రెండో కొస వరండా స్తంభానికి కట్టింది. మంచం మీద లేచి కూర్చోవచ్చు, పక్కనున్న చెంబు అందుకోవచ్చు, మెట్టు దాకా మాత్రం పోలేడు.

పిల్లలకైతే ముడి వీపు వైపు వేస్తారు, చేతికి అందకుండా. మొగుణ్ణి అలా కట్టడానికి ఆమెకి మనసొప్పలేదు. కొస పట్టి ఒక్కసారి లాగితే ఊడిపోయే జారుముడి వేసి, ఆ కొస ఆయన చెయ్యి పక్కనే వదిలింది. పడవ కట్టడానికి రోజుకి పదిసార్లు ఆయన వేసిన ముడే అది.

"నువ్వు పసిపిల్లాడివి కాదు కదా మావా. అవసరమైతే లాగేసుకో. నేను మధ్యాన్నానికల్లా వచ్చేస్తాను," అంది.

కట్టేటప్పుడు ఆయన విసిరికొడతాడనుకుంది. పక్కనున్న చెంబు తీసి మొహాన కొట్టినా ఆశ్చర్యపోకూడదని ముందే అనుకుని ఉంది. చిట్టియ్య తాడు నడుం చుట్టూ తిప్పడానికి వీలుగా రెండు చేతులూ పైకెత్తి పట్టుకున్నాడు, దర్జీకి కొలతలిచ్చే మనిషిలాగా. ముడి పడ్డాక దించేశాడు. అచ్చాయమ్మ ఆ చేతుల కేసి మళ్ళీ చూడలేదు. గంప నెత్తికెత్తుకుని గబగబా బస్సు వేళకి వెళ్ళిపోయింది.

సాయంత్రం వచ్చి చూసిన ప్రసన్నకుమార్ మండిపడ్డాడు. అయ్యని గేదెని కట్టినట్టు కడతావా, నలుగురూ మన మొహాన ఉమ్మేస్తారు అన్నాడు. నిన్ను కూడా ఇలాగే కట్టాను, బతికున్నావు కదా అంది అచ్చాయమ్మ. చిట్టియ్య రెండో రోజు పడలేదు. మూడో రోజూ పడలేదు. నాలుగో రోజుకి కొడుకే తాడు బిగువు చూసి, తువ్వాలు సర్ది మరీ పనికి పోయాడు. ఉమ్మేస్తారనుకున్న నలుగురూ చూడ్డానికొచ్చారు. వెనకింటి సత్యవాణి అయితే ఆ ముడి ఎలా వెయ్యాలో నేర్పమని పక్కనే కూర్చుంది. వాళ్ళ అత్త కూడా రెండుసార్లు కాలు జారి పడిందట. అచ్చాయమ్మ తాడు ముక్క తీసుకుని, ఇలా తిప్పి ఇలా లాగాలి అని చేసి చూపించింది. ఆమెకి చాలా గొప్పగా అనిపించింది. చదువుకున్న నర్సుకి తెలియని ఉపాయం తనకి తెలిసిందని లోలోపల మురిసిపోయింది. ఆ మురిపెంలో, చిట్టియ్య ఇప్పుడు సాయంత్రాలు తోటల కేసి కూడా చూడటం లేదన్నది ఆమె కంట పడలేదు.

ఆరో రోజు మధ్యాహ్నం కావస్తుండగా ఆమె తోటల మధ్య ఒక ఊళ్ళో, రచ్చబండ మీద గంప దించుకుని ఎండురొయ్యలు కొలుస్తోంది. వైశాఖం ఎండ మాడ్చేస్తోంది. ఉన్నట్టుండి పడమర నల్లబడింది. దుమ్ము లేచింది. బేరం చేస్తున్న ఆడవాళ్ళు ఆరేసిన బట్టల కోసం పరిగెత్తారు. అచ్చాయమ్మ గంప మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, కొబ్బరితాడుతో బిగించి, తాపీగానే బస్సు కోసం నడిచింది. ఇంటి గురించి బెంగ పడలేదు. గాలి మారడం అందరికంటే ముందు పసిగట్టే మనిషి ఆయన. ఎన్నోసార్లు చిన్న మబ్బైనా లేకుండానే నావని ఒడ్డుకి తిప్పాడు. ముడి లాగేసుకుని ఎప్పుడో లోపలికి పోయి ఉంటాడు.

బస్సు దిగేసరికి వాన దంచి కొడుతోంది. వీధి నిండా ఎర్రనీళ్ళు. విరిగిన కొమ్మలూ, ఎవరిదో ఎగిరిపోయిన రేకూ దాటుకుంటూ ఇంటి మలుపు తిరిగింది. వరండాలోకి వాన ఏటవాలుగా కొడుతోంది. మంచం మీద చిట్టియ్య వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

పోయాడనుకుంది. గంప ఎక్కడ వదిలేసిందో తెలియదు. దగ్గరికి వెళ్ళేసరికి కనురెప్పలు ఆడాయి. వాన నేరుగా మొహం మీద పడుతుంటే కళ్ళు ఆర్పుతూ కప్పు కేసి చూస్తున్నాడు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. తువ్వాలు, పంచె, కింద నులక అన్నీ తడిసి నీళ్ళు కారుతున్నాయి. లోపలి గుమ్మం అక్కడికి నాలుగడుగులు. తలుపు బార్లా తీసే ఉంది.

"మావా. లోపలికి పోలేదేంటి మావా."

"కట్టేవు కదా," అన్నాడు చిట్టియ్య.

అచ్చాయమ్మ ఆయన కుడిచెయ్యి చూసింది. ముడి కొస ఆ అరచేతి కిందే ఉంది.

"కొస నీ చేతిలోనే ఉంది కదా మావా."

ఆయన మెల్లిగా తల వంచి తన చేతి కేసి చూసుకున్నాడు.

"ఉంది," అన్నాడు.

ఆమె ఒక్క లాగు లాగితే ముడి ఊడి వచ్చింది. లోపలికి తీసుకెళ్ళి తడిబట్టలు విప్పి, పొడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచింది. తుడుస్తూ నడుం దగ్గర ఆగిపోయింది. దీపం దగ్గరికి తిప్పి మళ్ళీ చూసింది. తువ్వాలు చుట్టినా సరే, ఆరు రోజులు తాడు కట్టిన మనిషి మొల మీద చిన్న ఒరుపు లేదు. చర్మం కందను కూడా కందలేదు.

ముగ్గురు పిల్లలూ తాడుతో పోట్లాడిన పిల్లలే. ఏడ్చేవాళ్ళు, గింజుకునేవాళ్ళు, పళ్ళు రాకముందే చిగుళ్ళతో కొరికేవాళ్ళు. ప్రసన్నకుమార్ మొల చుట్టూ ఏడాది పాటు పుండు మానలేదు. ప్రతి రాత్రీ నూనె రాసేది. తిట్టుకుంటూనే రాసేది గానీ, ఆ గింజుకోవడం చూస్తే లోపల ధీమాగా ఉండేది, వీడు బతుకుతాడని. ఈయన ఒక్కసారి కూడా లాగి చూడలేదు. ఆరు రోజులు పడకపోవడం తన ముడి గొప్పతనం కాదు. ఆయన లేవడమే మానేశాడు. మూడుసార్లు పడ్డప్పుడు లేని భయం ఇప్పుడు పట్టుకుంది ఆమెని. తను పడుకోబెట్టి కట్టింది మొగుణ్ణి కాదనీ, ఆయన ఎప్పుడో వెళ్ళిపోయి వదిలేసిన ఒంటిని అనీ అనిపించింది. ఆయన చెవి దగ్గరికి వంగి మావా, మావా అని రెండుసార్లు పిలిచింది. ఊఁ అన్నాడు.

వాన తెరిపివ్వగానే, పని నుంచి వచ్చిన లోవలక్ష్మిని ఆయన పక్కన కూర్చోబెట్టి బయల్దేరింది. ముందు వెనకింటికి వెళ్ళింది. సత్యవాణి అత్త వరండాలో కట్టేసి ఉంది, ముడి చేతికి అందకుండా వీపు వైపు. మంచం కోడుకి రాపాడీ రాపాడీ తాడు సగం పోగులు లేచిపోయింది. అచ్చాయమ్మని చూడగానే ముసలామె బూతులు లంకించుకుంది. అచ్చాయమ్మ ముడి విప్పి, తాడు చుట్ట చుట్టి చంకలో పెట్టుకుంది. ఆ తిట్లు వింటుంటే ఆమెకి ఏడుపొచ్చింది. తన ఇంట్లో అవి వినపడి ఎంత కాలమైందో లెక్క అందలేదు. ఇంకెప్పుడూ కట్టకు, నేను చెప్పింది తప్పు అని సత్యవాణికి చెప్పి, రోడ్డు మీద హెలెన్ ఉండే గది దాకా నడిచింది.

హెలెన్ టీ పెట్టుకుంటోంది. అచ్చాయమ్మ గుమ్మంలోనే నిలబడి, ఆ రోజు నువ్వడిగిన వాటికి నేను చెప్పినవన్నీ అబద్ధాలమ్మా అంది. ఒక్కొక్కటీ వరసగా మళ్ళీ చెప్పింది. నిద్ర, తిండి, టీ కొట్టు, వల మూట. చివరికి తాడు సంగతి కూడా చెప్పింది. హెలెన్ తిట్టలేదు. రెండో గ్లాసులో టీ పోసి చేతికిచ్చింది. మంగళవారం డాక్టరమ్మకి చూపించేలోపు ఆయన్ని ఒంటరిగా వదలొద్దంది. తాళ్ళూ, పురుగుమందు డబ్బాల్లాంటివీ అందుబాటులో ఉంచొద్దని కూడా నెమ్మదిగా చెప్పింది. ఆ మాట అర్థమవడానికి అచ్చాయమ్మకి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక టీ తాగలేకపోయింది.

మంగళవారం దాకా ఆమె గంప ఎత్తలేదు. మంగళవారం ముగ్గురూ పొద్దుటి బస్సుకి జంగారెడ్డిగూడెం వెళ్ళారు. కొడుకు పని మానుకుని వచ్చాడు. ఆస్పత్రి బెంచీల మీద చాలాసేపు కూర్చున్నాక లోపలికి పిలిచారు. డాక్టరమ్మ చిన్నది, మనవరాలి వయసుండొచ్చు. హెలెన్ రాసిన చీటీ చదివి, తాతగారూ మీరే చెప్పాలి, వేరేవాళ్ళు చెప్తే నేను రాసుకోను అంది. అచ్చాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నిద్ర పట్టడం లేదా అని అడిగితే తలూపాడు. ఆకలేస్తోందా అని అడిగితే తల అడ్డంగా తిప్పాడు. తర్వాత ఆమె ఆయన రెండు చేతులూ బల్ల మీద పెట్టమంది. తిప్పి అరచేతులు చూసింది. తెడ్డు పట్టిన పాత కాయలున్నాయి గానీ ఎక్కడా గీరుడు లేదు. గడ్డం మీద కుట్టులాంటి మచ్చ చూసింది, నుదుటి మీద బొప్పి కట్టిన గుర్తు చూసింది, మోచెయ్యి చూసింది.

"పడేటప్పుడు ఎవరైనా చేతులు ముందుకి పెడతారు తాతగారూ. మీ దెబ్బలన్నీ మొహానే తగిలాయి. పడిపోతున్నానని మీకు తెలియలేదా?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఆయన బదులు తను ఏదో ఒకటి చెప్పెయ్యాలని అచ్చాయమ్మకి నాలుక చివర దాకా వచ్చింది. కొంగు గట్టిగా కొరికి పట్టుకుంది.

"తెలుస్తాదండి," అన్నాడు చివరికి. "పక్కన గోడుంటది. పట్టుకోవచ్చు. పట్టుకోబుద్ధి కాదండి." కొంచెం ఆగి అన్నాడు. "పట్టుకుని ఏం చెయ్యాలో తెలవదండి."

ప్రసన్నకుమార్ లేచి బయటికి వెళ్ళిపోయాడు. అచ్చాయమ్మ కదల్లేదు. యాభై ఏళ్ళ కాపురంలో ఆయన అంత పొడుగు మాట మనసులోంచి తీసి ఎవరికీ చెప్పలేదు. చెప్పనిచ్చింది ఎవరు కనక. అడిగిన ప్రతిసారీ తనే ఎదురెళ్ళి జవాబిచ్చింది. ఏరు పిలుస్తోందనీ, కాళ్ళకి నావ అలవాటనీ, ఊరంతా కలిసి ఏవేవో అనుకున్నారు గానీ, ఎందుకు పట్టుకోవట్లేదని ఈ పిల్ల అడిగేదాకా ఎవరికీ తట్టలేదు. దిగులు ముదిరితే ఒళ్ళు కూడా మొద్దుబారుతుందనీ, అడుగు మీద ధ్యాస ఉండదనీ, పడతారనీ, పడతామన్న భయంతో కదలకుండా కూర్చుంటే కాళ్ళు ఇంకా నీరసించి మళ్ళీ పడతారనీ డాక్టరమ్మ వివరంగా చెప్పింది. ఇది జబ్బేననీ, మందుందనీ చెప్పింది. మాత్రలు పని చెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో వాటి వల్లే కాస్త కళ్ళు తిరగొచ్చు, నెమ్మదిగా లేవాలి. రోజూ నడిపించాలి. కట్టెయ్యడం మాట ఎత్తకూడదు. అన్నిటికంటే కష్టమైంది చివర్న చెప్పింది. పక్కనే ఉండండి, ఆయన అడిగితే తప్ప పట్టుకోకండి, తనని తను పట్టుకోవడం మళ్ళీ ఆయనే నేర్చుకోవాలి అంది.

మొదటి వారం ఏ మార్పూ లేదు. రెండో వారమూ లేదు. ఉదయం ఎండెక్కక ముందు, సాయంత్రం గాలి వేళకి, ఇద్దరూ వీధి చివర దాకా నడిచి వచ్చేవాళ్ళు. చిట్టియ్య ముందు, అచ్చాయమ్మ ఒక్క అడుగు వెనక. ఆయన పాదం కొంచెం తూలితే చాలు, ఆమె చేతులు వాటంతట అవే ముందుకి పోయేవి. వాటిని ఆపడం ఆమె వల్ల కాలేదు. అందుకని నడిచేటప్పుడు రెండు చేతులూ తన పైటకొంగులోనే చుట్టుకుని, ముడేసినట్టు గుండెల దగ్గర పట్టుకునేది. చూసినవాళ్ళకి చలేస్తోందేమో అనిపించేది. తోటల్లోంచి ఆ హోరు మొదలయ్యేది. ఒక రోజు ఉండబట్టలేక, నీకు వినపడతందా మావా, ఏరులాగ అని అడిగింది. ఆయన ఊఁ అన్నాడు. నాకూ వినపడతాది అంది ఆమె. ఇద్దరూ కాసేపు నిలబడి విన్నారు. ఇక్కడికొచ్చాక ఏటి గురించి వాళ్ళు మాట్లాడుకోవడం అదే మొదలు. ఆ రాత్రి ఆమె పక్కకి తిరిగి పడుకుని చాలాసేపు ఏడ్చింది.

నాలుగో వారంలో తొలకరి పడింది. మర్నాడు ఉదయం వీధి చివర, సిమెంటు రోడ్డు ఆగిపోయి కంకర మొదలయ్యే చోట, చిట్టియ్య కాలు ఒక రాయికి తగలడం అచ్చాయమ్మ చూసింది. ఒళ్ళు ముందుకి వాలడం చూసింది. కొంగులోంచి చేతులు లాక్కునేసరికే ఆయన పడ్డాడు. తుంటి, మోకాలు, మొహం, ఏది పోయిందోనని ఒక్క అంగలో వెళ్ళి కూలబడింది.

చిట్టియ్య మోకాళ్ళ మీదా చేతుల మీదా ఉన్నాడు. మొహం నేలకి జానెడు ఎత్తులో ఉంది. మొహానికి ఏమీ కాలేదు. నెమ్మదిగా వెనక్కి జరిగి కూర్చుని రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. అరచేతులు రెండూ గీరుకుపోయాయి. కంకర నలుసులు గుచ్చుకున్నాయి. నెత్తురు చుక్కలు చుక్కలుగా ఊరుతోంది.

అచ్చాయమ్మ ఆ చేతులు రెండూ తన ఒళ్ళోకి లాక్కుంది. ఏడుపో నవ్వో ఆమెకే తెలియకుండా ఒళ్ళంతా ఊగిపోతోంది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు వదిలేసి పరిగెత్తుకొచ్చారు. అందరి కంటే ముందు సత్యవాణి వచ్చింది, ఏమైంది, ఎముక విరిగిందా, ఆటో పిలవనా అంటూ.

"పడ్డాడే సత్యవాణీ," అంది అచ్చాయమ్మ, కళ్ళ నీళ్ళు చెంపల మీదికి కారుతుంటే. "మా మావ పడ్డాడే. చూడు, చేతులు పెట్టేడు."

సత్యవాణికి ఏమీ అర్థం కాలేదు. మొగుడు పడితే ఈవిడ ఇంత సంబరపడుతోందేంటని మిగతావాళ్ళ మొహాలు చూసింది. వాళ్ళకీ ఏం తోచలేదు. నలుగురూ చుట్టూ నిలబడి చూస్తున్నారు. చిట్టియ్య చేతులు వెనక్కి లాక్కోబోయాడు.

"మంట పుడతందే," అన్నాడు. "కాసిన్ని నీళ్ళు పొయ్యి."